తెరమీది తెలుగు లిపి - డిఫాల్టు నిర్ణయములు

లిపి యంత్రమునకెక్కినది మొదలు దాని రూపమును నిర్ణయించువాడు వ్రాయసకాడు కాడు. తాటాకుపై గంటముతో వ్రాసినవాడు ఒత్తునకెంత చోటు విడువవలయునో, రెండు పంక్తుల నడుమ ఎంత యెడముంచవలయునో తన చేతి యలవాటు ననుసరించి తానే నిర్ణయించుకొనెడివాడు. అచ్చు వచ్చిన పిమ్మట ఆ యధికారము పోతపనివానికిని కంపోజిటరునకును చేరినది. కంప్యూటరు వచ్చిన పిమ్మట అది మరింత దూరమునకు, వ్రాయువాడు ఎన్నడును చూడని నిర్మాత చేతికి పోయినది. ఆ నిర్మాత ముందుగా చేసియుంచిన నిర్ణయమునే డిఫాల్టు అందురు. వ్రాయువాడు వేరొకటి కోరనంతవరకు చెల్లుబాటగు రూపమని దాని భావము. తెలుగున కొందరు దీనిని 'అప్రమేయము' అని యనువదించి వాడుచున్నారు. అప్రమేయమనగా కొలతకందనిది, విష్ణుసహస్రనామములలో నొకటి. పాయింట్లు, శాతములు అను కొలతలతోనే నిండియున్న యేర్పాటునకు ఈ పేరు తగినది కాదు. కావున ఇచ్చట డిఫాల్టు అను వాడుకమాటయే గ్రహింపబడినది.

విద్వత్సదస్సులందు ఇప్పుడు పత్రమును చదువుట తగ్గి, తెరపై చూపుట హెచ్చినది. పవర్‌పాయింటు 1987లో మకింటోషు యంత్రము కొరకు వెలువడినపుడు అది వ్యాపారసంస్థల వారికి ఉద్దేశింపబడిన సాధనము. నేడు శాసనపాఠమును చర్చించువాడును, ఛందస్సును వివరించువాడును, మాండలికపదముల పట్టికను చూపువాడును దానినే యాశ్రయించుచున్నారు. చేతికందిన సాధనమును వాడుకొనుటలో తప్పులేదు. కాని వ్యాపారసభ కొరకు, రోమను లిపి కొరకు కుదిర్చిన కొలతలు తెలుగు శాసనపాఠమునకు సరిపడునా యని ప్రశ్నించువారు కొలదిమందియే.

తెలుగుదేశమున ఈ లోపము అంతగా కంటబడదు. అచ్చటి యంత్రములందు తెలుగు ఫాంటులు పలువురు పలుమార్లు చేర్చియుందురు. ఒకటి లేకున్న వేరొకటి యాదుకొనును. పరభాషాప్రాంతమున, ముఖ్యముగా కోల్‌కతా వంటి నగరమున, సంగతి బయటపడును. తెలుగునుండి పోయిన పండితుడు తన పెన్‌డ్రైవును సభామందిరములోని యంత్రమునకు తగిలించి తెరను చూచునప్పటికి, ఇంట చక్కగా కనబడిన పంక్తులు ఒకదానిపై నొకటి పడియుండును. శీర్షిక రెండు పంక్తులై పెట్టె వెలుపలికి పొరలియుండును. కొన్ని యక్షరముల స్థానమున ఖాళీ చతురస్రములుండును. సభాధ్యక్షుడు గడియారమును చూచుచుండగా ఆ పండితుడు "ఇది యంత్రదోషము" అని చెప్పి, చూపదలచినదానిని నోటితో వర్ణింపవలసివచ్చును. ఇది యంత్రదోషము కాదు. యంత్రము తనకు చెప్పినట్లే చేసినది. చెప్పినవాడు పండితుడు కాకపోవుటయే చిక్కు.

ఈ చిక్కునకు గల కారణమును కొంత వివరముగా చూడవలసియున్నది. పవర్‌పాయింటు థీమునందు శీర్షికకు నొకటి, పాఠమునకు నొకటి చొప్పున ఫాంటులు నియతమై యుండును. పైకి కనబడునవి రోమను ఫాంటులు: 2007కు పూర్వము ఏరియల్, తరువాత కాలిబ్రి, 2023 నుండి ఆప్టోస్. ఈ మూటియందును తెలుగక్షరములు లేవు. అయినను తెలుగు టైపు చేసినచో తెలుగే కనబడును. ఏలయన థీము లోపలి పట్టికలో ప్రపంచలిపుల కొక్కొక్కదానికి నొక్కొక్క ఫాంటు పేరు వ్రాయబడియున్నది. 2007 నాటి థీములు మొదలు ఆ పట్టికలో తెలుగునకెదుట నున్నది గౌతమి; బంగాళీలిపి కెదుట నున్నది వృంద. గౌతమి 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చినది. విండోస్ 7తో వాణి వచ్చెను. 2012లో విండోస్ 8తో నిర్మల వచ్చి, పలు భారతీయలిపులను తానొక్కతెయే భరించుచున్నది. విండోస్ 10 నాటికి గౌతమియు వాణియు ప్రధానస్థానమునుండి తొలగి, తెలుగుభాషను యంత్రమున చేర్చుకొన్నవారికి మాత్రమే లభించు అనుబంధఫాంటుల మూటలోనికి పోయినవి. వృందకును అదేగతి పట్టినది. కాని కోల్‌కతాలోని యంత్రమున బంగాళీ చేర్చియుండుట సహజము గనుక వృంద యచ్చట నుండును, గౌతమి యుండదు. థీము గౌతమిని పిలుచును. పిలుపునకు గౌతమి పలుకదు. ఆ స్థానమున నిర్మల వచ్చి నిలుచును. గౌతమి కొలతలు వేరు, నిర్మల కొలతలు వేరు. అక్షరముల వెడల్పు మారును గనుక పంక్తి వేరొకచోట విరుగును, ఎత్తు మారును గనుక పెట్టె నిండిపోవును. ఇంట చూచిన స్లైడు సభలోని స్లైడు కాకపోవుటకు ఇదియే మొదటి కారణము.

రెండవది మరింత సూక్ష్మమైనది. ఫాంటు పేరును మార్చితిమని పలువురు తలచుచుందురు గాని, వారు మార్చినది తరచుగా రోమను భాగమునకు మాత్రమే. సాఫ్ట్‌వేరు ఒకే యక్షరపంక్తికి మూడు గదులనేర్పరచుకొనును: రోమను మున్నగు లిపులకొకటి, చీనా జపాను లిపులకొకటి, భారతీయలిపులును అరబ్బీయును చేరిన సంక్లిష్టలిపులకొకటి. తెలుగు వాడునట్టిది మూడవ గది. పై పట్టీలో నున్న పేరు మొదటి గదిదై యుండవచ్చును. ఉచితముగా లభించు లిబ్రేఆఫీసు ఇంప్రెస్ ఈ మూడు గదులను విడివిడిగా, పేర్లతో సహా చూపును. అది మెచ్చదగిన పద్ధతి. దాచియుంచిన నిర్ణయముకంటె చూపిన నిర్ణయము మేలు.

ఇక పంక్తుల యెడము. ఈ విషయమున తెలుగునకు జరుగు హాని మిక్కుటము. రోమను అక్షరమునకు పైకి పోవు కాడయు క్రిందికి దిగు తోకయు కలవు గాని, అక్షరము క్రింద మరియొక అక్షరము లేదు. తెలుగున కలదు. తలకట్టు, గుడి, ఏత్వము పైన; వట్రుసుడియు ఒత్తులును క్రింద. 'రాష్ట్రము' అనునప్పుడు ష క్రింద ట, దానికి తోడు ర వ్రాలియుండును. పై పంక్తిలోని ఒత్తును క్రింది పంక్తిలోని గుడిసుడులును ఒకే చోటిని కోరుచుండును. ఈ రెండింటికిని ఎడము కల్పించుట తెలుగు ముద్రాపకులకు తరతరములుగా తెలిసిన పని. పవర్‌పాయింటు 2013 నుండి వచ్చిన సాధారణ థీమున పాఠభాగపు పంక్తి యెడము నూటికి తొంబది. అనగా ఫాంటు తనకు కావలయునని చెప్పుకొన్న యెత్తులో పదవవంతు కోసివేయబడినది. రోమను లిపికి అది సొంపు కూర్చును. తెలుగునకు ఊపిరి తీయును. అంతటితో ఆగదు. పాఠము పెట్టెలో పట్టనిచో సాఫ్ట్‌వేరు తానుగా అక్షరములను కుదించి, పంక్తుల యెడమును మరి పదియో యిరువదియో పాళ్లు తగ్గించును. తొంబదిలో ఇరువది పోగా మిగులునది డెబ్బది. ఆ స్థితిలో 'స్త్రీ' క్రింద 'కీర్తి' వచ్చినచో ఏ గీత యే యక్షరమునకు చెందినదో వెనుక వరుసలోని శ్రోతకు తెలియదు. అతడు బంగాళీయో ఒడియావాడో అయినచో, తెలుగు లిపియే ఇంత చిక్కుముడి కాబోలునని యనుకొనిపోవును. ఈ యపవాదు లిపికి తగిలినది, పుట్టినది మాత్రము ఒక యంకెలో.

ఇటాలిక్కు వాడుకయు ఇట్టిదే. గ్రంథనామములను వాలువ్రాతలో చూపుట రోమను సంప్రదాయము. తెలుగు ఫాంటులలో వాలుగా ప్రత్యేకించి చెక్కిన రూపములు సామాన్యముగా లేవు. యంత్రము నిటారు రూపమునే ప్రక్కకు త్రోసి చూపును. అప్పుడు ఒత్తు తన యక్షరము క్రిందినుండి తొలగినట్లు కనబడును. గ్రంథనామమునకు ఉద్ధరణచిహ్నములు చాలును. ఈ సంగతి ఇంతకంటె విస్తరింపనక్కరలేదు.

లేని యక్షరముల మాట వేరు. ఇది చూపునకు సంబంధించినది కాదు, ప్రమాణమునకు సంబంధించినది. దంత్య చ-జలను సూచించు ౘ, ౙ అనునవి యూనికోడున 2008లో చేరినవి. రేనాటిచోళుల శాసనములందు కనబడు ఴ 2014లోను, ప్రాచీనశాసనములందలి ౚ 2015లోను, నకారపొల్లు 2021లోను చేరినవి. వీనికి ముందు నిర్మింపబడి, మరల సవరింపబడని ఫాంటు ఈ యక్షరములను ఎరుగదు. ఎరుగనపుడు అది ఖాళీ పెట్టెను చూపును. లేదా యంత్రము వేరొక ఫాంటునుండి ఆ యొక్క యక్షరమును తెచ్చి, ముతకబట్టకు పట్టుమాసిక వేసినట్లు అతికించును. ద్రావిడభాషల తులనాత్మకచర్చలో ఴకారము సాక్ష్యము. సాక్షి స్థానమున ఖాళీ చతురస్రము నిలిచినచో వాదమెట్లు సాగును? కొందరు పండితులు ఈ బాధ పడలేక ఴకు బదులు ళ వ్రాసి, "ఇచ్చట ప్రాచీనాక్షరమని గ్రహింపుడు" అని నోటితో చెప్పుచున్నారు. స్లైడు తరువాత పంచిపెట్టబడును, నోటిమాట పంచిపెట్టబడదు. కొన్నేండ్లకు ఆ స్లైడే యాధారముగా ఉదాహరింపబడినచో తప్పుపాఠము నిలుచును.

మరికొందరు తెలుగును పూర్తిగా విడిచి, చుక్కలు గీతలు పెట్టిన రోమను లిపిలో ఉదాహరణలను చూపుచున్నారు. ఇంకను కొందరు అను, శ్రీలిపి వంటి పాత పద్ధతుల ఫాంటులలో వ్రాసిన పాఠమును బొమ్మగా తీసి అతికించుచున్నారు. ఆ ఫాంటు లేని యంత్రమున పాఠము రోమను గుర్తుల గందరగోళముగా మారును గనుక వారికి అది తప్పనిసరి యైనది. బొమ్మ చెదరదు, నిజమే. కాని బొమ్మలో పదమును వెదకుటకు వీలులేదు, ఎత్తి వ్రాసికొనుటకు వీలులేదు. రోమను లిప్యంతరీకరణము భాషాశాస్త్రమునకు అవసరమైన సాధనమే; దాని ప్రయోజనమును ఎవరును కాదనరు. కాని లిపి చెదరునను భయముచేత దాని నాశ్రయించుట శాస్త్రము కాదు. భారతీయభాషల పండితులు కూడిన సభలో బంగాళీ బంగాళీగా, హిందీ నాగరిలో కనబడుచుండగా తెలుగు మాత్రమే రోమను ముసుగున కనబడుట ఎవరో విధించిన నియమము వలన కాదు. ఒకమారు చేయవలసిన మార్పును చేయకపోవుట వలన.

కోల్‌కతాకు తెలుగు లిపితో గల సంబంధము నిన్న మొన్నటిది కాదు. ఆ నగరమునకు ఉత్తరమున హుగ్లీనది కావలి యొడ్డున నున్న శ్రీరాంపూరులో 1800లో మిషను ముద్రణాలయము నెలకొన్నది. పంచానన కర్మాకర్ చార్లెస్ విల్కిన్సుతో కలిసి అంతకుముందే బంగాళీ యచ్చులను చెక్కినవాడు; 1778లో హుగ్లీలో వెలువడిన హాల్‌హెడ్ బంగాళీ వ్యాకరణము ఆ యచ్చులతో ముద్రితమైనది. అతడు శ్రీరాంపూరు చేరెను. అతని యనంతరము అల్లుడు మనోహర్ ఆ పనిని సాగించెను. 1812 మార్చి 11న జరిగిన యగ్నిప్రమాదమున ఆ ముద్రణాలయమందలి పెక్కు భాషల యచ్చులును వ్రాతప్రతులును దగ్ధమయ్యెను. యచ్చులు పోతపోయుటకు మూలమైన పనిముట్లు దక్కుటచే పని మరల మొదలయ్యెను. రెండేండ్లకే, 1814లో, విలియం కేరీ రచించిన తెలుగు వ్యాకరణము అచ్చటినుండి వెలువడెను. 1818లో తెలుగు క్రొత్తనిబంధన వెలువడెను. తెలుగుదేశమునకు దూరముగా, బంగాళీ పనివారి నడుమ ఆ పుస్తకములు రూపొందినవి. నేటి ఫాంటు నిర్మాత దూరమున నుండుట యొక వింత కాదని దీనివలన తెలియుచున్నది. దూరమే దోషమైనచో శ్రీరాంపూరు పుస్తకములును దోషభూయిష్ఠములనవలసివచ్చును. భేదమెక్కడ ననగా, సీసపు అచ్చును పాఠకుడు మార్చజాలడు. నేటి డిఫాల్టును మార్చుటకు నిర్మాతయే తలుపు తెరచియుంచినాడు.

బంగాళీ ముద్రణచరిత్రలో ఇంకొక ఘట్టము ఇచ్చట స్మరింపదగినది. 1935లో ఆనందబజార్ పత్రిక లైనోటైపు యంత్రమును బంగాళీకి అనువుపరచినపుడు సురేశచంద్ర మజుందారునకు రాజశేఖర బసు తోడ్పడెను. యంత్రమునందు చోటు పరిమితము, సంయుక్తాక్షరములు అసంఖ్యాకములు. కావున అక్షరములను విడదీసి, కుదించి, యంత్రమునకు లిపిని లొంగదీసిరి. నాటికది గొప్ప ఘనకార్యమే. దానిని తక్కువచేసి చూడరాదు. కాని పాఠకులు నాలుగు దశాబ్దములకు పైగా ఆ కుదించిన రూపములకే కన్నులను అలవాటు చేసికొనిరి. 1978లో ఆరంభమై 1980ల తొలినాళ్లలో పూర్తియైన క్రొత్త రూపకల్పనలో టిమ్ హాలొవే, ఫియోనా రాస్ అనువారు ఆ పత్రికకొరకే విడిపోయిన సంయుక్తాక్షరములను మరల సంప్రదాయరూపమునకు తెచ్చిరి. యంత్రము విధించిన రూపము లిపిస్వభావము కాదని, యంత్రము మారినపుడు లిపి తన రూపమును తిరిగి పొందవచ్చునని కోల్‌కతా యిట్లు చేసి చూపినది. తెలుగువారికి ఈ పాఠము తెలియవలసినంత తెలియలేదనుట సాహసము కాదు.

విషయము ముఖ్యము గాని రూపముతో నేమిపని యను ఆక్షేపణ తరచు వినబడును. కావ్యపరిష్కరణమున అరసున్న యొకటి తప్పినచో పుటలకొలది వాదములు చేయువారే ఈ మాట యనుట ఆశ్చర్యము. ఛందోలక్షణమును చూపు స్లైడున గురులఘువుల గుర్తులు అక్షరముల మీదినుండి జరిగిపోయినచో రూపము చెడినదా, విషయము చెడినదా? రెండవ యాక్షేపణ: ఇది సాంకేతికుల పని, పండితులది కాదు. సాంకేతికునకు ౘ ఎందులకో తెలియదు. పండితునకు స్లైడ్ మాస్టరు తెలియదు. కష్టపడి నేర్చుకొనదగినది వీనిలో మొదటిది. రెండవది ఒక యపరాహ్ణమున వచ్చును.

ఆ మార్పు విధానమును చెప్పుటకు చాల మాటలక్కరలేదు. ఒక్కొక్క స్లైడునందు ఒక్కొక్క పంక్తిని పట్టుకొని ఫాంటు మార్చుట నీటిమీది వ్రాత; క్రొత్త స్లైడు చేర్చగనే పాతరూపమే వచ్చును. వ్యూ అను పట్టీలో స్లైడ్ మాస్టరును తెరచి, అన్నిటికి పైనున్న మూలపు స్లైడునందు శీర్షికకును, పాఠమునందలి యైదు అంతరములకును తెలుగు ఫాంటును, పరిమాణమును, పంక్తి యెడమును నిర్ణయింపవలయును. ఎడమును శాతములలో కాక నిశ్చితమైన పాయింట్లలో చెప్పుట మేలు. ఇరువదియెనిమిది పాయింట్ల యక్షరమునకు నలువది పాయింట్లకు తగ్గని పంక్తి తెలుగునకు హాయిగా నుండును. రోమను పదము నడుమ వచ్చిన పంక్తియు రాని పంక్తియు అప్పుడు సమానముగా నుండును. పాఠమును తానుగా కుదించు సౌకర్యమును ఆపివేయవలయును. పట్టనిది రెండవ స్లైడునకు పోవలయునే గాని నలిగిపోరాదు. చేతితో గీసిన పాఠపుపెట్టెలు స్లైడ్ మాస్టరు ఆజ్ఞకు లోబడవు. ఇది పలువురను మోసగించిన సంగతి. అట్టి పెట్టె నొకదానిని సరిచేసి, దానిపై కుడిమీట నొక్కి, 'సెట్ యాజ్ డిఫాల్ట్ టెక్స్ట్ బాక్స్' అను మాటను ఎన్నుకొనవలయును. ఈ నిర్ణయము ఆ యొక్క ఫైలునకే చెల్లును గనుక, మొత్తమును టెంప్లేటుగా భద్రపరచి, థీమును డిఫాల్టు థీముగా స్థిరపరచినగాని తరువాతి పత్రమునకు ఉపయోగపడదు. వర్డునుండి పాఠమును తెచ్చి అతికించునపుడు దానితో వచ్చు పాత రూపమును విడిచి, గమ్యస్థానపు థీమును గ్రహింపుమని కోరవలయును. ఇంప్రెస్ వాడువారు డిఫాల్టు చిత్రణశైలిని సవరించి, ఆ టెంప్లేటును డిఫాల్టుగా నిర్ణయించుకొనవచ్చును.

ఫాంటు నెన్నుకొనుటలో అందము రెండవ మాట. ముందుగా చూడవలసినది, దానిని ఫైలులో పొదిగి పంపుటకు అనుమతి కలదా యనునది. నోటో సాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు, మండలి, మల్లన్న, సూరన్న, రామభద్ర మొదలైనవి స్వేచ్ఛాలైసెన్సుతో లభించుచున్నవి. భద్రపరచు ఎంపికలలో ఫాంటులను పొదుగుమని గుర్తు పెట్టినచో కోల్‌కతా యంత్రమున ఆ ఫాంటు లేకున్నను బాధలేదు. రామభద్ర వంటి బలిసిన యక్షరములు శీర్షికకే తగును. పాఠమునకు వాడినచో ఒత్తులు పూడిపోవును. వీనిలో ప్రాచీనాక్షరములు ఎందెందు కలవో వాడకముందే పరీక్షించుకొనుట శాసనపరిశోధకుల విధి.

ఇది వ్యక్తుల పనిగా విడువక తెలుగుశాఖల పనిగా చేయుట యుక్తము. శాఖకొక టెంప్లేటు ఉండవలయును. తెలుగుతోపాటు బంగాళీ, ఒడియా, తమిళ, కన్నడ, నాగరి లిపులకును అందు తగిన ఫాంటులు నిర్ణయింపబడవలయును. తులనాత్మకపత్రమున నాలుగు లిపులు ఒకే స్లైడున నిలువవలసివచ్చును గదా. పరిశోధకవిద్యార్థి చేరిన తొలివారముననే అది యతని చేతికందవలయును. సదస్సులను నిర్వహించువారు పత్రసంక్షేపమును కోరునప్పుడే, ఏయే లిపులు చూపబడునో కూడ అడిగి తెలిసికొని, సభామందిరపు యంత్రమున ఆయా భాషలను ముందురోజుననే చేర్చియుంచుట కష్టము కాదు. పశ్చిమబంగాళ ప్రభుత్వము 2020 డిసెంబరులో తెలుగును ఆ రాష్ట్రపు అధికారభాషలలో చేర్చుటకు నిర్ణయించినది. ఖరగ్‌పూరు ప్రాంతపు తెలుగువారి చిరకాలవాంఛ యది. అధికారభాషగా గుర్తింపబడిన భాష ఆ రాష్ట్రపు విద్యాసంస్థల యంత్రములందు చదువదగిన రూపమున కనబడవలయునని కోరుట అత్యాశ కాదు. ఈ కోరికను లిఖితముగా తెలుపుటకు తెలుగుశాఖలకంటె తగినవారు లేరు.

అంతవరకు పత్రసమర్పకులు చేసికొనదగినది యొకటి కలదు. స్లైడులన్నిటికి ముందు ఒక పరీక్షా స్లైడును చేర్చి, అందు 'రాష్ట్రము', 'స్త్రీ', 'లక్ష్మి', 'కర్తృత్వము' అను మాటలను రెండు పంక్తులుగా, మూడవ పంక్తిలో ౘ, ౙ, ఱ, ఴ అను నక్షరములను ఉంచి, సభ మొదలగుటకు అరగంట ముందు ఆ మందిరపు యంత్రముననే తెరచి, వెనుక వరుసలో కూర్చుండి చూడవలయును. పంక్తులు కలియకున్నచో ఆ స్లైడును తొలగింపవచ్చును. కలిసినచో పీడీఎఫ్ ప్రతిని తెరచుటకు అప్పటికి ఇంకను వ్యవధి యుండును.